విప్పని సంచిలోని చిన్న మద్దెల

పాటగాళ్ల ఇంటికి కోడలుగా పోతే చెవులకు పండుగ అని మా ఊళ్లో ఆడవాళ్లు అనుకునేవారు. చెవుల సంగతి అటుంచితే, చేతులకు మాత్రం మసి తప్ప నాకేమీ దొరకలేదు. ఎండాకాలం వచ్చిందంటే మా ఇంటి మగవాళ్లు కచేరీలకు బయలుదేరేవారు. శ్రీరామనవమి పందిళ్లతో మొదలుపెట్టి తొలకరి పడేదాకా దేవరకొండ, నల్లగొండ, కొల్లాపూర్, పాలమూరు అని ఊరూరా తిరుగుడే. నా భర్త పాడేవాడు. ఆయన అన్న, అంటే మా బావగారు, మృదంగం వాయించేవాడు. ఫిడేలుకు దేవరకొండ ముసలాయన ఒకడు. వాళ్లకు వండిపెట్టడానికి ఒక మనిషి కావాలి, వెనక కూర్చుని తంబుర మీటడానికి ఇంకో మనిషి కావాలి. రెండు పనులూ చేసేది ఇంట్లోనే ఉంది కదా అని నన్ను వెంట పెట్టుకున్నారు.

నేను పొదుపు మనిషిని. ఆ మాట మా ఇంట్లో తిట్టుగానే వాడేవారు. మృదంగానికి ఎడమ వైపు, కచేరీకి ముందు, బొంబాయి రవ్వను తడిపి ముద్ద చేసి మెత్తుతారు. అది లేకపోతే గుమ్మనే మోత రాదు. కచేరీ కాగానే గీకి పారేస్తారు. ఆ రోజుల్లో మా వైపు జొన్నరొట్టె, గటక తప్ప వేరే తిండి ఎరగని ఇళ్లే ఎక్కువ. రవ్వ అంటే జ్వరపడి లేచిన పిల్లలకు వండే వస్తువు. మా ఇంట్లో దాన్ని తోలు తినేది. గీకిన రవ్వను నేను పారేయనిచ్చేదాన్ని కాదు. ఆకులో పట్టుకుని, ఏ ఇంట్లో దిగితే ఆ ఇంటి కోళ్లకు వేసేదాన్ని. బావగారు నాతో ఎదురుగా మాట్లాడేవాడు కాదు. నాకు వినబడేటట్టు తమ్ముడితో అనేవాడు.

"నీ పెండ్లాన్ని చూస్తే భయమైతాందిరా. ఏదో ఒకనాడు మద్దెల తోలు గూడ ఊడబీకి కూర వండుతది."

నేనూ తగ్గేదాన్ని కాదు. పొయ్యి వైపు తిరిగి, పొయ్యికి చెప్పినట్టు చెప్పేదాన్ని. "వండుదు గని, గంత దెబ్బలు తిన్న తోలు ఉడుకుతదా?"

ఫిడేలు ముసలాయన ఒక్కడే నవ్వేవాడు.

నా చదువు రెండో తరగతితో ఆగింది. పాట అంతకుముందే మొదలైంది. అది నేర్పింది బడి కాదు, మా బావి. మా నాయిన మోట కొట్టేవాడు. ఎద్దులు పల్లానికి నడుస్తుంటే తోలుబొక్కెన బావిలోంచి పైకి వస్తుంది. అది పైకి వచ్చి నీళ్లు కాలువలో పడేదాకా మా నాయిన ఒకే ఊపిరి మీద పద్యం రాగం తీసేవాడు. ఎద్దులకు ఆ రాగమే కొలత. మధ్యలో ఊపిరి తెగితే అవి నిలబడిపోయేవి, బొక్కెన సగం బావిలో వేలాడేది. నాయినకు ఒంట్లో బాగా లేని రోజున ఎద్దుల తాడు మీద కూర్చుని నేను పాడేదాన్ని. అందుకే నాకు ఊపిరి ఎక్కువ.

పెళ్లయిన కొత్తలో మామగారు బతికే ఉన్నాడు. కొల్లాపూర్ సంస్థానం నీడలో ఉండి సంగీతం నేర్చిన మనిషి. పొద్దున్నే కొడుకులను కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. నేను వంటింట్లో పిండి కలుపుతూ అదే పాఠం అనుకునేదాన్ని. నేను ఎక్కడైనా తప్పు పోతే ఆయన కొడుకుల మీద నుంచి చూపు తిప్పి, వంటింటి గోడకు చెప్పినట్టు, "గట్ల గాదు బిడ్డా, జర కిందికి దిగి రా" అనేవాడు. నేను దిగి వచ్చేదాన్ని. గోడ అవతల నుంచే ఆయన నాకు చాలా కీర్తనలు నేర్పాడు. ఆయన పోయాక ఆ గోడ ఉత్త గోడ అయింది.

నా భర్త గొంతు మొదట్లో మంచిదే. బీడీలు దాన్ని తినేశాయి. నన్ను మాత్రం పుల్లమామిడి కాయ ముట్టనిచ్చేవాడు కాదు, గొంతు పోతుందని. నా గొంతు మీద అంత శ్రద్ధ ఎందుకంటే, ఆయన పైకి పోలేని చోట పాడేది నేనే. తంబుర పట్టుకుని వెనక కూర్చున్నవాళ్లు మెల్లగా గొంతు కలపడం కచేరీల్లో ఉన్నదే. కాని మా కచేరీలో కలపడం పోయి, ఆయన చెయ్యి పైకెత్తి నోరు తెరిచి ఊరుకునేవాడు, స్వరం నా నోట్లోంచి వచ్చేది. ముందు కూర్చున్నవాళ్లకు ఆయన చెయ్యే కనబడేది.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మగ గొంతు శ్రుతి వేరు, ఆడ గొంతు శ్రుతి వేరు. ఆయన పై స్థాయి నాకు నడి స్థాయి. కాబట్టి ఆయన కష్టపడే చోట నాకు సుఖం. కాని అదే శ్రుతిలో నేను ఒక్కదాన్నే మొదటి నుంచి పాడాలంటే, కింద పాడితే మాట పెదవి దాటదు, పైన పాడితే గొంతు చీరుకుపోతుంది. నా శ్రుతికి ఫిడేలు తీగ బిగిస్తే సరిపోతుంది, తంబుర తీగలు సవరిస్తే సరిపోతుంది. మృదంగం అట్లా మారదు. మగ పాటకు పెద్ద మృదంగం, ఆడ పాటకు చిన్న మృదంగం ఉండాలి.

మా దగ్గర రెండూ ఉండేవి. ఏ ఊరు పోయినా కచేరీకి ముందు పిలిచిన దొర కూతురో మనుమరాలో ఒక కీర్తన పాడేది. ఆ పిల్లల కోసం చిన్న మృదంగాన్ని ఎప్పుడూ వెంట తీసుకుపోయేవారు. ఆ పిల్లలు ఎట్లా పాడినా బావగారు తల ఊపుతూ వాయించేవాడు, "సరస్వతమ్మా, సరస్వతి" అనేవాడు. దానికి సంచి నేనే కుట్టాను, చిరిగిన నా నేత చీరతో. మూతికి నాడా కూడా నేనే పెట్టాను.

శాలువాల మీద నాకు పేచీ లేదు. కప్పినవి ఆయనకు కప్పారు, ఇంటికి వచ్చాక నేను వాటిని జతపరిచి పిల్లలకు దుప్పట్లు కుట్టాను. నా కోరిక వేరే. ఒక్క కీర్తన, మొదటి మాట నుంచి చివరి మాట దాకా, నా శ్రుతిలో, మృదంగం పక్కన పెట్టుకుని, ముందు కూర్చుని పాడాలి. మామగారు గోడ అవతల నుంచి చెప్పినది గోడ ఇవతల ఒక్కసారి పాడాలి. అంతే. ఆ కోరిక ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారని తెలుసు.

ఒక ఏడు కొల్లాపూర్‌లో ఒక దొరల గడిలో రెండు పూటల కచేరీ పెట్టారు. సంస్థానాలు పోయినా ఆ ఇంటి ముసలి దొరసానికి పాట పిచ్చి పోలేదు. మగవాళ్లంతా ముందు వసారాలో, ఆడవాళ్లు పరదా వెనక. దొరసాని కూడా పరదా వెనకే. ఆ ఇంట్లో పాడే వయసు ఆడపిల్లలు లేరు గనుక చిన్న మృదంగం సంచి విప్పలేదు. సాయంత్రం కచేరీ బాగా జరిగింది. నా భర్త చెయ్యి చాలాసార్లు పైకి లేచింది. వసారాలో వాళ్లు "శబాష్" అన్నారు.

కచేరీ అయ్యాక పరదా వెనక నుంచి దొరసాని గొంతు వచ్చింది.

"ఏమయ్యా, పైన పాడింది ఎవలు?"

నా భర్త చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నేనేనమ్మా. మీ దయ."

"నాకు కండ్లు సరిగ కనబడయి గని, చెవులు మంచిగనే ఉన్నయి. కింద పాడిన గొంతు వేరు, పైన పాడిన గొంతు వేరు. నీ వెనక కూసున్న పిల్లదేనా?"

ముందు కూర్చున్నవాళ్లకు చెయ్యి కనబడింది, పరదా వెనక ఉన్నామెకు పాట మాత్రమే వినబడింది. అదే ఆయనకు అపాయం అయింది.

"రేపు పొద్దుగాల గా పిల్లను ముందు కూసుండబెట్టుండ్రి. ఒక కీర్తన నిండుగ ఇనాలె నేను" అని ఆమె లేచి లోపలికి వెళ్లింది.

మాకు దిగడానికి గడి వెనక కొట్టం పక్క జాగా ఇచ్చారు. నేను పొయ్యి వెలిగించాను. ఏ కీర్తన పాడాలో అప్పటికే లోపల మొదలైంది. మామగారు "జర కిందికి దిగి రా" అని దిద్దిన చోటు కూడా గుర్తుకు వచ్చింది. బావగారు అరుగు మీద కూర్చుని తమ్ముడితో అంటున్నాడు.

"దొరల పిల్లలంటే వేరు. మనింటి ఆడది ముంగట కూసుంటే నేను పక్కకు కూసుండి వాయించాల్నా? రేపు నలుగురు ఏమంటరు? తమ్మునికి గొంతు లేదు, పెండ్లాన్ని పాడిపిచ్చుకుంటాండు అంటరు."

"దొరసాని చెప్పింది గదనే."

"చెప్తే చెప్పనియ్. మద్దెల లేదని చెప్పు."

నేను గిన్నె కింద పెట్టి గుమ్మంలోకి వచ్చాను. బావగారు ఉన్నాడని తల మీద కొంగు లాక్కుని, నా భర్తనే అడిగాను.

"చిన్న మద్దెల తెచ్చినం గద?"

"యాడ తెచ్చినం? దేవరకొండల్నే ఇడిసిపెట్టినం."

"నేనే గద సంచిల పెట్టింది. మూతికి నాడా గూడ నేనే కట్టిన. గా మూలకే ఉన్నది, చూడుండ్రి."

ఆయన మూల వైపు చూడలేదు. "సంచి మూతి కట్టినవ్ గద. ఇగ నీ మూతి గూడ కట్టుకో" అన్నాడు.

బావగారు నవ్వాడు. ఫిడేలు ముసలాయన విననట్టు తీగలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆయన మంచివాడే. మంచివాళ్లు అట్లాంటి చోట ఎప్పుడూ ఏదో ఒకటి తుడుచుకుంటూనే ఉంటారు.

పొద్దున నన్ను ముందు కూర్చోబెట్టారు. తంబుర వెనక కూర్చునే అలవాటుకు ముందు జాగా నాకు ఎత్తుగా, గాలి తగులుతున్నట్టుగా అనిపించింది. నా భర్త దొరసానికి చెప్పాడు, ఆడ పాటకు వేరే మద్దెల ఉంటుందని, అది తేలేదని. అబద్ధం చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతులో శ్రుతి తప్పలేదు, అదొక్కటి మెచ్చుకోవాలి. పెద్ద మృదంగం బావగారి ఒళ్లోనే ఉంది. చిన్నది కొట్టం పక్క మూలలో నా చీర సంచిలో ఉంది. పోయి తెచ్చి అందరి ముందు పెట్టాలని కాళ్లు లేచాయి. పెడితే ఏమవుతుంది? పిలిచినవాళ్ల ఇంట్లో మొగుణ్ణి అబద్ధాలకోరును చేసిన ఆడది అవుతాను. ఆ మీదట ఆ బావగారే వాయించాలి. ఆయన చెయ్యి నా పాటను నడిపిస్తుందా, పడగొడుతుందా? కూర్చునే ఉన్నాను.

"మద్దెల లేకుంటే ఏమాయె, పాడు బిడ్డా" అన్నది దొరసాని.

వెంటనే బావగారు అందుకున్నాడు. "అమ్మా, తమరికి తెలవనిది గాదు. మద్దెల లేకుండ కీర్తన పాడుడంటే పీనుగింట్ల పాటనే. శుభమున్న ఇంట్ల కూడదు."

అట్లాంటి శాస్త్రం ఎక్కడా లేదు. మామగారు ఉంటే చెంప పగలగొట్టేవాడు. కాని ముసలావిడ భయపడింది. పరదా వెనక గుసగుసలు వినబడ్డాయి. కొంచెం సేపటికి ఆమె మెత్తగా అన్నది, "పోనీ, మద్దెల అక్కరలేనిది ఏదన్న పాడు బిడ్డా."

మద్దెల అక్కరలేనిది పద్యం ఒక్కటే. ఫిడేలు ముసలాయన అప్పుడు మాత్రం నన్ను చూసి, అడగకుండానే తీగలు నా శ్రుతికి బిగించాడు. నేను మా నాయిన మోట మీద పాడే పద్యం ఎత్తుకున్నాను. ఎద్దులు పల్లానికి నడిచేంత ఊపిరి, నీళ్లు పైకి వచ్చి కాలువలో పడేంత రాగం. ఎక్కడా తెగలేదు. బాగా పాడాను. ఇన్నేళ్ల తర్వాత కూడా చెప్పగలను, ఆ పద్యం అంతకంటే బాగా ఎవరూ పాడలేరు. కాని నేను పాడాలనుకున్నది అది కాదు.

తర్వాత దొరసాని అన్నది, "మంచిగున్నది బిడ్డా. మా మోటకాడు గిట్లనే పాడుతుండె. వాడు యాదికొచ్చిండు. నేనే ఏదో కచేరీ అనుకుంటి."

ఆమె తిట్టలేదు. మెచ్చుకున్నది. ఒక రవిక గుడ్డ, గంపెడు మామిడిపండ్లు పంపింది. ఆ మెప్పును నేను ఇప్పటికీ మింగలేను. మా నాయిన పాటకు అవమానం అని కాదు. నా చేతికి ఆ పద్యం తప్ప ఇంకేమీ మిగలకుండా చేసి, నాకు ఆ పద్యమే వచ్చని లోకానికి చూపించారు.

బస్సులో మగవాళ్లు ఆ పండ్లు తింటూ వచ్చారు.

"ఏందిరా, మోట కచేరీల పండ్లు తియ్యగున్నయే" అన్నాడు బావగారు.

"ఎద్దులు లేకపాయె గని, ఇంకింత నీళ్లు పారుతుండె" అన్నాడు నా భర్త.

అప్పుడు నేను ఆయనతో చెప్పాను. అరవలేదు. ఏడవలేదు. "ఇగ నుంచి నేను తంబుర మీటుత. నోరు మాత్రం తెరువ."

ఆయన టెంక చీకుతూ నవ్వాడు. "తెరువకుండ ఉంటవా? కీర్తన చెవుల పడితే నీ నోరు ఊకుంటదానే?"

ఆ మాట నిజం. నా గురించి ఆయనకు అంత బాగా తెలుసు. తెలిసే నవ్వాడు.

పాలమూరులో చివరి కచేరీ. పెద్ద పందిరి, సర్కారు ఆఫీసర్లు, వకీళ్లు, బడి పంతుళ్లు. అక్కడ పేరు వస్తే ఏటేటా మమ్మల్నే పిలుస్తారని ఆయన ఆశ. నేను ఎప్పటిలాగే మిరియాల పాలు కాచి ఇచ్చాను. రవ్వ తడిపి ముద్ద చేసి ఇచ్చాను. నా పనిలో ఏ లోటూ చేయలేదు. తంబుర శ్రుతి చేసి వెనక కూర్చున్నాను.

కింది పాట బాగానే నడిచింది. అనుపల్లవిలో పైకి పోయే చోటు వచ్చింది. ఆయన చెయ్యి పైకి లేచింది. నోరు తెరుచుకుంది. ఆ స్వరం నా గొంతులోకి దానంతట అదే వచ్చి నిలబడింది. ఈడొచ్చిన పిల్ల గుమ్మం దాకా వచ్చి నిలబడినట్టు నిలబడింది. పళ్లు బిగించాను. తంబుర మీటుతూనే ఉన్నాను. పందిట్లో తీగ చప్పుడు ఒక్కటే వినబడింది.

ఆయన వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే పరువు పోతుంది. మళ్లీ అదే చోటుకు వచ్చాడు, మళ్లీ చెయ్యి ఎత్తాడు. ఈసారి తానే పట్టుకోబోయాడు. గొంతు పగిలి, ఎండిన తోలు చీలినట్టు చప్పుడు వచ్చింది. ముందు వరుసలో ఎవరో దగ్గారు. ఎవరో నవ్వు దాచుకున్నారు. ఫిడేలు ముసలాయన ఆ స్వరాన్ని ఫిడేలు మీద పట్టుకుని ఖాళీ నింపాలని చూశాడు. బావగారు మోత పెంచాడు. ఎంత రవ్వ మెత్తినా ఆ ఖాళీ నిండలేదు. కాసేపటికి వెనక వాళ్లు లేచి పోవడం మొదలుపెట్టారు. ఆయన కీర్తన సగంలో ఆపి మంగళం పాడేశాడు.

బసకు వచ్చాక ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే, పైన పాడేది నేనని ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం కంటే ఊరుకోవడమే ఆయనకు తేలిక అయింది. "ఎండకు గొంతు పట్టేసింది" అని అందరికీ చెప్పాడు. పాపం అని అందరూ అన్నారు. నేను మిరియాల కషాయం కాచి ఇచ్చాను. తాగాడు.

మరుసటి ఏడు పాలమూరు నుంచి పిలుపు రాలేదు. ఆ మాట పక్క ఊళ్లకూ పాకింది. ఆయన ఇంటి దగ్గర పిల్లలకు సరళీ స్వరాలు చెప్పుకుంటూ బతికాడు. బావగారు పిల్లను ఇచ్చిన ఊరికి పోయి అక్కడే ఉండిపోయాడు. నా భర్త మీద పంతంతో నేను ఇంట్లో కూడా పాడలేదు. పాడని గొంతు వాడని బావి లాంటిది, నీళ్లున్నా పూడుకుపోతుంది. ఒకనాడు ఎవరూ లేనప్పుడు ఆ కీర్తన ఎత్తుకుంటే సగం దాకా కూడా పోలేకపోయాను. ఎవరి మీద పంతం పట్టానో వాళ్ల కచేరీ పోయింది. దానితో పాటు నాదీ పోయింది. అయినా ఆ రోజు నోరు తెరవాల్సింది అని నేను ఎన్నడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

అన్నదమ్ములు వేరు పడ్డప్పుడు చిన్న మృదంగం మా పాలికి వచ్చింది. తోలు ఎలుకలు కొట్టాయి. పనస కర్ర గట్టిది, పారేయడానికి నాకు మనసొప్పలేదు. రెండు వైపులా తోలు తీసేసి నిలబెడితే మంచినీళ్ల కుండకు కుదురు అయింది.

ఆయన ముసలితనంలో ఒక మధ్యాహ్నం ఆ కుండలోంచి నీళ్లు ముంచుకోబోయి, దాన్ని చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు అడిగాడు.

"ఆనాడు పాలమూరుల ఎందుకు పాడకపోతివే?"

నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. తల ఎత్తలేదు.

"చిన్న మద్దెల తేలేదంటిరి గద" అన్నాను.

ఆయన నీళ్లు తాగి, చెంబు బోర్లించి పోయాడు.